శ్రీలత పురుగు, నా కడుపుమంట

2022 వానాకాలం. పటాన్‌చెరు దాటాక పారిశ్రామికవాడలో, కొత్త మందులను ముందుగా ఎలుకల మీద పరీక్షించే ఒక ల్యాబ్. అందులో హిస్టాలజీ విభాగంలో నేను సీనియర్ టెక్నీషియన్‌ని. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. హిస్టాలజీ అంటే శరీరంలోని ముక్కను మైక్రోస్కోప్ కింద చూడగలిగేంత పలచగా కోసి, రంగు వేసి ఇచ్చే పని. మందు తిన్న ఎలుక కాలేయం, తినని ఎలుక కాలేయం మా దగ్గరికి పాడవకుండా ఫార్మలిన్ సీసాల్లో వస్తాయి. ముక్కలోని నీటిని తీసేసి, మైనం పట్టించి, ఒక చిన్న మైనపు దిమ్మలో కూర్చోబెడతాం. దాన్ని బ్లాక్ అంటాం. బ్లాక్‌ను మైక్రోటోమ్ అనే యంత్రానికి బిగించి చక్రం తిప్పితే, వెంట్రుక కంటే పలచని పొరలు ఒకదాని అంచుకు ఒకటి అతుక్కుని రిబ్బన్‌లా జారుతాయి. ఒక్కో పొర ఒక సెక్షన్. వాటిని గోరువెచ్చని నీటి మీద తేల్చి గాజు స్లైడ్ మీదికి ఎత్తుకుంటాం.

ఇన్నేళ్ళలో ఎన్ని ఎలుకల కాలేయాలు నా చక్రం కింద పోయాయో చెప్పలేను. వాటిలో ఒక్కటీ గుర్తు లేదు. గుర్తున్నది సముద్రం నుంచి వచ్చిన ఒక పురుగు. అది నా స్నేహితురాలిది కాబట్టి గుర్తుంది. ఆ స్నేహితురాలంటే నాకు కుళ్ళు కాబట్టి ఇంకా బాగా గుర్తుంది.

శ్రీలతా నేనూ సంగారెడ్డిలో డిగ్రీ కలిసి చదివాం. వాళ్ళది గంజ్‌లో ధాన్యం వ్యాపారం, మాది కొండాపూర్ మండలంలో వ్యవసాయం. జువాలజీ ప్రాక్టికల్స్‌లో నా చెయ్యి మంచిదని పేరు. బొద్దింకను కోసి లాలాజల గ్రంథులను తెగకుండా బయటికి తీయడమంటే తమాషా కాదు. నేను తీసి పరిస్తే క్లాసంతా నా ట్రే చుట్టూ మూగేది. శ్రీలత చేతిలో కత్తెర వణికేది. ఆమె బొద్దింక ఎప్పుడూ పచ్చడయ్యేది. డిగ్రీ అయ్యాక ఆమె ఎమ్మెస్సీకి పోయింది, నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి ఈ ఉద్యోగంలో చేరాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. మా ఊరి అడ్డరోడ్డు మీద కంపెనీ బస్సు నా ఒక్కదాని కోసం ఆగడమంటే అప్పట్లో మాటలా?

బాధ తర్వాత మొదలైంది, ఫోన్లలో స్టేటస్‌లు వచ్చాక. పొద్దున్నే బస్సులో కునికిపాట్లు పడుతూ ఫోన్ తెరిస్తే శ్రీలత మోకాళ్ళ దాకా సముద్రంలో నిలబడి ఉండేది. ఒకరోజు అరచేతిలో నక్షత్రచేప, ఒకరోజు వెనక సూర్యోదయం. విశాఖ వైపు తీరంలో సముద్రజీవుల మీద పీహెచ్‌డీ చేస్తోంది. నేను సముద్రాన్ని చూసింది ఒకే ఒక్కసారి, బంధువుల పెళ్ళికి పోతూ బస్సు కిటికీలోంచి. బొద్దింకను పచ్చడి చేసిన మనిషికి సముద్రం, నాకు ఎలుకల కాలేయం. ఇందులో న్యాయమేమిటో నాకు అర్థమయ్యేది కాదు. అయినా ప్రతి ఫొటో కిందా చప్పట్ల బొమ్మ పెట్టేదాన్ని.

ఆ ఏడు వానలు మొదలైన రోజుల్లో ఫోన్ చేసింది. "వినోదా, నీ చేతితోని పనివడ్డదే," అంది.

పని ఇదీ. సముద్రపు రాళ్ళ కింద చదునుపురుగులు ఉంటాయి. వాటినే ఫ్లాట్‌వర్మ్స్ అంటారు. తమలపాకు ముక్కకు ప్రాణం వచ్చి పాకినట్టు ఉంటాయట. వీటిలో దగ్గరి జాతులు పైకి ఒకేలా కనిపిస్తాయి. అదే గోధుమ రంగు, తల దగ్గర అవే కంటి చుక్కలు. అసలు తేడా లోపల, వెనక సగంలో ఉండే పునరుత్పత్తి అవయవాల్లో ఉంటుంది. ప్రతి పురుగులోనూ ఆడ భాగం, మగ భాగం రెండూ ఉంటాయి. మగ భాగంలో వీర్యం దాచే ఒక సంచి, ద్రవం ఊరే ప్రోస్టాటిక్ వెసికిల్ అనే తిత్తి, చివర ఒక మొన. ఆడ భాగం చివర లాంగ్స్ వెసికిల్ అనే ఇంకో తిత్తి. ఏ తిత్తి ఉంది, ఏది లేదు, దాని లోపలి గోడ ఎలా ఉంది అన్నదాన్ని బట్టే జాతి తేలుతుంది. అది తెలియాలంటే పురుగును కోయాలి, ఒక్క పొర కూడా పోకుండా వరుసగా కోయాలి.

ఆ తీరంలో అందరికీ తెలిసిన ఒక జాతి ఉంది. దానికి లాంగ్స్ వెసికిల్ ఉంది. శ్రీలతకు దొరికినవి పైకి అచ్చం అలాగే ఉన్నా, ఎక్కడో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో కోయించి చూస్తే వాటికి ఆ తిత్తి లేదు. అందుకే ఇది కొత్త జాతి అని సెమినార్‌లో చెప్పేసింది. ఆమె గైడ్ మాత్రం సెక్షన్లు చిరిగిపోయి ఉన్నాయి, శుభ్రమైన వరుస తెచ్చి చూపించు, లేకపోతే ఆ చాప్టర్ తీసెయ్ అన్నారట. ఆయన రిటైర్మెంట్ దగ్గరపడింది. ఈమెకు యూనివర్సిటీ ఇచ్చిన గడువు కూడా ఇదే ఆఖరు. ఆ చాప్టర్ పోతే థీసిస్‌లో మిగిలేదేమీ లేదు, అన్నేళ్ళ చదువూ సముద్రంలో కలిసినట్టే. ఇదంతా చెప్పి, ఊరికే అన్నట్టుగా ఇంకో మాట అంది. కొత్తది అని తేలితే దానికి పేరు తానే పెట్టాలట.

ఒక ప్రాణికి పేరు పెట్టడం! మా ఇంట్లో కుక్కపిల్లకు కూడా పేరు మా మరిది పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "పంపవే, చూద్దాం," అన్నాను.

మేమిచ్చే స్లైడ్లను చూసి ఫలితం రాసే మా పాథాలజిస్ట్ పశువైద్యం చదివిన పెద్దమనిషి. ఎలుకలు చూసి చూసి విసిగిపోయి ఉన్నాడేమో, పురుగులనగానే ఆయన ముఖం వికసించింది. యాజమాన్యంతో తానే మాట్లాడి అనుమతి తెచ్చాడు. పని నాకు అప్పగించాడు. రెండో మైక్రోటోమ్ మీద కూర్చునే భాగ్యకు ఇది నచ్చలేదు. భాగ్య నా తర్వాత ఏడాదికి చేరింది. పనిలో నాతో సమానం, ఆ సంగతి నేను ఎన్నడూ పైకి ఒప్పుకోలేదు. "మాకు ఎలుకలు, నీకు సముద్రమా? మంచిగనే ఉన్నది," అని బ్లాక్ బిగించుకుంది.

శ్రీలత తెల్లాపూర్‌లో వాళ్ళ అన్న ఫ్లాట్‌లో దిగి, కారులో వచ్చింది. ఎండకు రంగు తగ్గింది కానీ ఆ రంగు కూడా ఆమెకు నప్పింది. సీసాలు బల్ల మీద పెట్టి, వాళ్ళ అన్న బాల్కనీ నుంచి పటాన్‌చెరు పొగంతా కనిపిస్తుందని చెప్పింది. మేం పీల్చే పొగ కూడా ఆమెకు పైనుంచి చూసే దృశ్యమైపోయింది. పోతూ పోతూ నా భుజం మీద చెయ్యి వేసి, "పేపర్‌ల థాంక్స్ చెప్పే కాడ నీ పేరు తప్పకుండ పెడ్తనే," అంది. పెళ్ళి భోజనాలు వండినవాడిని చివర్లో పిలిచి బాగుందని చెప్పినట్టు. నవ్వి, సీసాలు లోపలికి తీసుకుపోయాను.

ఇక్కడ మా వృత్తిలోని ఒక అలవాటు గురించి చెప్పాలి. ఎలుక కాలేయం ఎక్కడ కోసినా కాలేయమే. పాథాలజిస్టుకు ఒక్క మంచి సెక్షన్ ఉంటే చాలు. అందుకని బ్లాక్ బిగించగానే మందం పెంచి, పైపొరలను గబగబా చెక్కేస్తాం. ముక్క నిండుగా కనిపించేదాకా వచ్చినవన్నీ చెత్త ట్రేలోకి పోతాయి. దీన్ని రఫ్ ట్రిమ్ అంటాం. నిండు ముఖం వచ్చాక రిబ్బన్ తీసి, అందులో బాగున్న పొరను ఎత్తుకుని మిగతాది కూడా పారేస్తాం. ఏళ్ళ తరబడి చేస్తే ఆలోచన అక్కర్లేదు, చెయ్యే చేసుకుపోతుంది. పురుగుకు ఇది పనికిరాదు. కత్తికి తగిలిన మొదటి పొర నుంచి ఆఖరి పొర దాకా అన్నీ కావాలి, వచ్చిన వరుసలోనే స్లైడ్ మీద పేర్చాలి. రిబ్బన్ ఏ కొస ముందో మరిచిపోతే కథ వెనక నుంచి చదివినట్టు అవుతుంది.

మొదటి పురుగు బ్లాక్ బిగించగానే నా చెయ్యి తనంతట తానే మందం మీట మీదికి పోయింది. ఆపుకుని, పురుగు ఒక పక్క అంచు నుంచి పలచటి పొరలే తీశాను. ఎలుకల పని మధ్య దొరికిన సమయంలోనే చేయాలి కాబట్టి చాలా రోజులు పట్టింది. ఒక మాట దాచను. చక్రం తిప్పినంతసేపూ ఆ పురుగు కొత్తది కాకూడదనే కోరుకున్నాను. అది పాత జాతే కావాలి, శ్రీలత స్టేటస్‌లో ఒక్కరోజైనా సూర్యుడు ఉదయించకూడదు. ఇలా అనుకుంటూ పని చేస్తే చెయ్యి చెడుతుందని అంటారు. నాకు మాత్రం ఇంకా కుదురుగా నిలబడింది.

రంగు వేశాక, భోజనం గంటలో మైక్రోస్కోప్ దగ్గర కూర్చున్నాను. పెద్ద అవయవాలు ఇంకా మొదలుకాని తొలి స్లైడ్లలో, ఒక పక్కకు ఒరిగి, పలచటి గోడతో చిన్న సంచి కనిపించింది. మామూలుగా ఆ స్లైడ్లను ఎవరూ చూడరు, అక్కడ చూడడానికి ఏమీ ఉండదని నమ్మకం. నేను వదల్లేదు. ఆ సంచిని స్లైడ్ నుంచి స్లైడ్‌కు వెంబడించాను. అది సన్నబడి, వంగి, చివరికి ఆడ భాగం గొట్టంలో కలిసింది. లాంగ్స్ వెసికిల్. రెండో పురుగులో చూశాను, అందులోనూ అదే పక్కకు ఒరిగి ఉంది. ఆసుపత్రి ల్యాబ్‌లో ఏం జరిగిందో నాకు వెంటనే తెలిసిపోయింది. నా చెయ్యి చేయబోయిన పనే అక్కడి చెయ్యి చేసింది. ఆ తిత్తిని రఫ్ ట్రిమ్‌లో చెక్కి చెత్త ట్రేలో పోసి, నిండు ముఖం వచ్చాక సెక్షన్లు తీసి ఇచ్చారు. శ్రీలత వాటిని చూసి తిత్తి లేదనుకుంది.

ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ రోజు మా క్యాంటీన్ సాంబారు కూడా రుచిగా ఉంది.

ఆ సంతోషాన్ని ఎలా ఖర్చు పెట్టాలన్నదే తేలలేదు. మాట్లాడకుండా స్లైడ్లు చేతికిస్తే ఆమె కూడా తొలి స్లైడ్లను దాటేసి పోవచ్చు. పేపర్ అచ్చవుతుంది, ఎవరో ఒకరు పట్టుకుంటారు, పరువు నలుగురిలో పోతుంది. ఇప్పుడే చెబితే మాత్రం ఆమె ముఖం మాడిపోవడం నా కళ్ళతో నేనే చూడొచ్చు. అన్నం తింటూ ఇదంతా మా ఆయనకు చెప్పాను. ఆయన ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని వచ్చి ఉన్నాడు. "నీకు గా పురుగు మీద కోపమా, శ్రీలత మీదనా?" అని అడిగాడు. రెండిటి మీదా అన్నాను. "అయితే పురుగు ఏం పాపం చేసింది?" అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

పురుగు సంగతేమో కానీ, మా ల్యాబ్‌లో ప్రతి స్లైడ్ మూల కోసిన మనిషి పొడి అక్షరాలు ఉంటాయి. ఆ స్లైడ్లన్నిటి మీదా నావి ఉన్నాయి. వాటిని చూపించి ఎవరైనా అబద్ధం చెబితే అది నేను చెప్పిన అబద్ధమే అవుతుంది. శ్రీలత కోసం అంత పని నేను చేయలేను. మర్నాడే ఫోన్ చేసి రమ్మన్నాను.

మా దగ్గర ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే స్లైడ్ చూడగల మైక్రోస్కోప్ ఉంది. ఆమెను అటు కూర్చోబెట్టి, ఆ సంచి మీదికి బాణం గుర్తు జరిపాను.

"గిదేంది?"

చాలాసేపు చూసింది. ఆమె చెయ్యి స్లైడ్‌ను జరిపింది, వెనక్కి తెచ్చింది, మళ్ళీ జరిపింది.

"వెసికిలే," అంది.

ముఖం మాడుతుందని ఎదురుచూశాను. మాడలేదు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. బయట వాన, ఆ వానలో మందుల వాసన. ఇగ చాప్టర్ లేదు, గైడ్‌కు ఏం చెప్పాలో తెలియదు, ఇంట్లో ఏం చెప్పాలో అసలే తెలియదు అని మెల్లగా అంది. నేను అనుకున్నంత హాయిగా ఏమీ అనిపించలేదు. అలా అని జాలి కూడా కలగలేదు. కాసేపటికి నా వైపు తిరిగింది.

"నేను చూసిన, మా గైడ్ చూసిండు, సెమినార్‌ల అందరు చూసిన్రు. నీకెట్ల దొరికిందే?"

"నీది కాబట్టి దొరికింది. వేరేటోళ్ళదైతే గింతగనం ఎతకకపోతుంటి."

"అంటే?"

"నీ స్టేటస్‌లు చూసి చూసి నాకు కడుపు మండింది. గిది కొత్తది కావొద్దని ఎతికిన."

నోరు జారింది, వెనక్కి తీసుకోవడానికి లేదు. వెనక భాగ్య చక్రం ఆగిపోయింది. శ్రీలత నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత నవ్వింది, కళ్ళు తడిగానే ఉన్నాయి.

"బొద్దింకల ట్రే యాదికున్నదా? అందరు పోయినంక నేను నీ ట్రే కాడ నిలవడి తప్పులు ఎతుకుతుంటి. ఒక్కటి దొరకకపోతుండె," అంది. "మరి నీ మంట చల్లారిందా?"

"లేదు."

"చల్లారనియ్యకు. మిగిలిందంత గదే కండ్లతోని చూడు. మెచ్చుకునేటోళ్ళు నాకు మస్తుమంది ఉన్నరు. వాళ్ళతోనే నేను గిట్లయిన."

తిట్టి ఉంటే తిప్పి తిట్టేదాన్ని. నా ఓర్వలేనితనాన్ని పనిముట్టులా అడిగి తీసుకునే మనిషిని ఏం చేయగలం? ముందు నీ పోలికే తప్పు అని పని మాటల్లోకి దిగాను. మా దగ్గర మందు తిన్న ఎలుకను మందు తినని ఎలుకతో పోలుస్తాం. ఆ తినని ఎలుకను కంట్రోల్ అంటాం. రెండూ ఒకే వయసువి కావాలి, ఒకే రోజు, ఒకే ఫార్మలిన్‌లో పడాలి, ఒకే తీరులో కోయాలి. ఇందులో ఏది తప్పినా ఆ పోలిక చెల్లదు. శ్రీలత తన పురుగును పోల్చింది గైడ్ బీరువాలోని పాత స్లైడ్లతో. ఆ పురుగు ఎప్పటిదో, ఎలా నిలవ చేశారో, ఎవరు కోశారో ఎవరికీ తెలియదు. "నీ పురుగుకు కంట్రోల్ లేదే," అన్నాను. కంట్రోల్ తెస్తే గానీ కొత్తదో పాతదో తేలదని ఇద్దరికీ అర్థమైంది.

మళ్ళీ తీరానికి పోయింది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళు తిప్పి, తెలిసిన జాతినీ తన జాతినీ ఒకేరోజు పట్టింది. బతికిన పురుగును నేరుగా ఫార్మలిన్‌లో వేస్తే నూనెలో అప్పడంలా ముడుచుకుంటుందట. అందుకని ఫార్మలిన్‌ను ముందే గడ్డకట్టించి, పురుగును దాని మీద పరుస్తారు. పరిచింది పరిచినట్టే చదునుగా నిలిచిపోతుంది. రెండు జాతులనూ అలాగే పరిచి, సీసాల్లో పెట్టుకుని రైల్లో తెచ్చింది. ఈసారి స్టేటస్ ఏదీ పెట్టలేదు. నేను చూశాను కాబట్టి తెలుసు.

రెండిటినీ పక్కపక్కన కోశాను, తల నుంచి తోక వైపు నిలువుగా. వీర్యం సంచి, మొన, లాంగ్స్ వెసికిల్, అన్నీ ఒకేలా ఉన్నాయి. ప్రోస్టాటిక్ వెసికిల్ మాత్రం రెండిటిలోనూ ఏవో చారల్లా కనిపించింది. ఆ చారలను బట్టి చెప్పడానికి ఏమీ లేదు. అయిపోయిందిలే అనుకున్నాను. శ్రీలత ఆ చారల దగ్గరే ఆగిపోయింది. చివరికి, "అడ్డంగ కొయ్యి," అంది.

ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతే. బెండకాయను నిలువునా చీలిస్తే గింజల వరుస కనిపిస్తుంది కానీ లోపల అరలెన్నో తెలియదు. చక్రాల్లా తరిగితే అరలు విడివిడిగా కనిపిస్తాయి. రోజూ కూరగాయలు తరిగేదాన్ని, రోజూ మాంసం ముక్కలు కోసేదాన్ని, నాకు తట్టని సంగతి వేళ్ళు వణికే శ్రీలతకు తట్టింది. దానికి ఇంకో మంట. కానీ కోశాను.

తెలిసిన జాతిలో ఆ తిత్తి అచ్చం బెండకాయే. చుట్టూ అరలు, మధ్యలో సన్నని దారి. శ్రీలత పురుగులో అరలు లేవు. గోడ మీద మడతలు మాత్రమే, మధ్యంతా బోలు, గింజలు దులిపేసిన మిరపకాయలా.

ఆమెకు వెంటనే చెప్పలేదు. ఆమె అడిగిన కళ్ళు అవే కదా, వాటితో చూశాను. పురుగు ఇంకా ఎదగలేదేమో, ఎదిగితే అరలు వస్తాయేమో అనుకున్నాను. వీర్యం సంచి నిండుగా ఉంది, ఎదిగిన పురుగే. కోత వంకరగా పోయి అరల మధ్య నుంచి జారిందేమో అనుకుని ఆ చివర నుంచి ఈ చివరదాకా ప్రతి పొరా చూశాను. ఎక్కడా అర లేదు. ఈ ఒక్కదానికే అవకరమేమో అని ఆమె తెచ్చిన మిగతావాటిని కూడా కోశాను. అన్నీ మిరపకాయలే. తెలిసిన జాతిలో అన్నీ బెండకాయలే. ఆ వారమంతా దాన్ని పాత జాతి చేయాలని నేను పడని పాట్లు లేవు. అది లొంగలేదు.

ఫోన్ చేశాను. "నీ పురుగు కొత్తదేనే. నాకు నచ్చలె గని, కొత్తదే," అన్నాను. ఆమె అప్పటికే తీరానికి తిరిగి పోయింది, ఫోన్‌లో సముద్రం హోరు వినిపించింది.

చాప్టర్ మళ్ళీ రాసింది. తిత్తి లేదన్న మాట తీసేసి, అరలు లేవన్న మాట పెట్టింది. గడువులోగా థీసిస్ ఇచ్చింది, డాక్టరేట్ వచ్చింది, ఇప్పుడు తీరంలోనే ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. పేపర్‌లో నా పేరు థాంక్స్ చెప్పే చోట లేదు, పైన రచయితల వరుసలో ఆమె పేరు పక్కనే ఉంది. పురుగుకు పేరు ఎవరిది పెట్టిందో అని ముందు అదే వెతికాను. ఆ రాళ్ళ తీరం పేరు పెట్టింది. నా పేరు పెడుతుందేమోనని మనసులో ఒక మూల ఆశ ఉండింది. పెట్టి ఉంటే దానం పుచ్చుకున్నట్టు ఉండేదిలే అని సర్దిచెప్పుకున్నాను. సగం మంట తగ్గింది, మిగతా సగం అలాగే ఉంది. మొన్న కూడా ఆమె స్టేటస్‌లో సూర్యోదయం చూసి ఫోన్ సంచిలో పడేశాను. కొత్త సీసాలు పంపినప్పుడల్లా ఆమె ముందుగా అడిగేది ఒకటే, కడుపు ఇంకా మండుతోందా అని. అవునంటే, అయితే మంచిది, కొయ్యి అంటుంది.

ఈ పురుగు నాకు నేర్పింది చిన్న సంగతే. మన పని సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే మన మేలు కోరేవాళ్ళకు చూపిస్తే లాభం లేదు. వాళ్ళు చూడాలనుకున్నదే చూస్తారు. పని తెలిసి, మనమంటే గిట్టనివాళ్ళకు చూపించాలి.

నేర్చుకున్నాను అన్నంత తేలిక కాదు చేయడం. ఆ పేపర్‌ను మా పాథాలజిస్ట్ విభాగంలో గోడకు అంటించాడు. భాగ్య టీ గ్లాసు పట్టుకుని దాని ముందు నిలబడి, పై నుంచి కింది దాకా చదివింది. తన చోటికి పోయి, చక్రాన్ని కొంచెం గట్టిగానే తిప్పడం మొదలుపెట్టింది. ఆ చూపు ఎలాంటిదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

పోయిన ఏడు శ్రీలత పంపిన ఇంకో జాతి పురుగులను కోసి, స్లైడ్లన్నీ వరుసగా పేర్చాక, ఆ ట్రేను తీసుకుపోయి భాగ్య బల్ల మీద పెట్టాను. తప్పులుంటే చూడమన్నాను.

"నేనెందుకు?" అంది.

"ఉంటే నీకే దొరుకుతయి," అన్నాను.

ట్రేను తన దగ్గరికి లాక్కుంది. కొన్ని రోజులు టీ గంటలన్నీ అక్కడే గడిపింది. ఒక మధ్యాహ్నం ఒక స్లైడ్ పట్టుకుని వచ్చింది. ఆమె ముఖం అంత వెలిగిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. నడిమి స్లైడ్‌లో ఒక రిబ్బన్‌ను తిప్పి ఎత్తినవ్, అక్కడి నుంచి వరుస తారుమారైంది అంది. నెమ్మదిగా, ప్రతి మాటా నములుతూ అంది. నా కడుపు భగ్గుమంది. నా చక్రం ఆపి, స్లైడ్ తీసుకుని మైక్రోస్కోప్ కింద పెట్టాను. అక్కడ తప్పు ఉండకూడదని కోరుకుంటూనే చూశాను. ఆమె చెప్పిన చోటే ఉంది.